పైనీన్ ఆక్సైడ్ పునర్విన్యాసానికి జింక్ లవణాలు ఇంకా ఎందుకు?

పరిశోధక విద్యార్థిని:
చందనపు వాసననిచ్చే కృత్రిమ రసాయనాలలో చాలావాటికి మూలం కాంఫోలెనిక్ ఆల్డిహైడ్. పైన్ చెట్ల జిగురు నుంచి టర్పెంటైన్, అందులోని ఆల్ఫా పైనీన్ నుంచి పైనీన్ ఆక్సైడ్ వస్తాయి. దానికి ఆమ్లం తగిలిస్తే అణువు లోపలి అమరిక మారి ఈ ఆల్డిహైడ్ తయారవుతుంది. ఈ చివరి మెట్టులో జింక్ బ్రోమైడ్, జింక్ క్లోరైడ్ వాడటం పాత పద్ధతి. 85 శాతం దాకా ఫలితమిస్తాయి, కాదనను. కానీ వాటిని నీటితో కడిగి తీయాలి. జింక్ కలిసిన ఆ నీరు ఏ కాలువలోకి పోవాలి? వడపోస్తే వేరయ్యే ఘన ఆమ్ల ఉత్ప్రేరకాలు ఉండగా ఈ పద్ధతిని సమర్థించడం అన్యాయం.

ప్రక్రియ ఇంజినీరు:
నీటి గురించి మీరన్నది నిజమేనండి. అయితే ఘనరూపంలో ఉండటం ఒక్కటే చాలదు. పైనీన్ ఆక్సైడ్ మహా చపలమైన అణువు, వందకు పైగా పదార్థాలుగా మారగలదు. ఎలక్ట్రాన్ జంటను స్వీకరించే లూయీ ఆమ్లం (జింక్ లవణాలు ఈ రకమే) తగిలితే వలయం కుంచించుకుని మనకు కావలసిన ఆల్డిహైడ్ వస్తుంది. ప్రోటాన్‌నిచ్చే బ్రాన్‌స్టెడ్ ఆమ్లం తగిలితే కార్వియోల్, సోబ్రెరోల్, పారా సైమీన్ వంటి అక్కరలేనివి పెరుగుతాయి. మామూలు బీటా జియోలైట్ (సన్నని రంధ్రాలున్న సిలికా, అల్యూమినియం ఘనపదార్థం)లోని అల్యూమినియం సరిగ్గా ఆ ప్రోటాన్లనే తెచ్చిపెడుతుంది. పైగా దాని రంధ్రాల వెడల్పు 0.7 నానోమీటర్లకు మించదు. అణువులు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కితే దారి మూసుకుపోతుంది. మొదటి బ్యాచ్ ఫలితం చూసి ఫ్యాక్టరీ కట్టలేం. కిలో ఉత్ప్రేరకం పనికిరాకుండా పోయేలోగా ఎన్ని కిలోల ఆల్డిహైడ్ ఇస్తుందో చెప్పండి.

పరిశోధక విద్యార్థిని:
మీరు చెప్పిన ఇబ్బందికి జవాబు 1990ల నుంచే ఉంది. అల్యూమినియం బాగా తగ్గించి టైటానియం చేర్చిన బీటా జియోలైట్‌తో, ఆవిరి దశలో, 85 శాతాన్ని దాటిన ఫలితాలు అప్పుడే వచ్చాయి. రంధ్రాలు పూడితే గాలిలో 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి మళ్లీ వాడుకోవచ్చు. కడిగేసిన జింక్ లవణాన్ని అలా వాడగలమా? కిలోల లెక్క అడగడం న్యాయమే, ఆ లెక్కలో కలుషిత జలాన్ని శుద్ధి చేసే ఖర్చు కూడా వేయండి.

ప్రక్రియ ఇంజినీరు:
వేస్తాను. అప్పుడు ఆవిరి చేయడానికయ్యే ఇంధనాన్ని, మాటిమాటికీ కాల్చడానికి ఆపే సమయాన్ని మీరూ వేయాలి. ద్రవ దశలో ఇంత మంచి ఫలితం నిలకడగా వచ్చిననాడు నేనే మీ పక్షాన వాదిస్తాను.

ప్రయోగశాల రసాయనవేత్త:
ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది. సిలికా మీద జింక్ ట్రైఫ్లేట్ వంటి లవణాన్ని పూసి దాన్నీ ఘన ఉత్ప్రేరకమే అంటారు. ఆ లవణం ద్రావణిలోకి జారిపోతే పని చేస్తున్నది కరిగిన జింకే, మళ్లీ అదే కలుషిత జలం. చర్య సగంలో ఉండగా, వేడి తగ్గకముందే వడపోసి, ఆ ద్రవాన్ని అదే ఉష్ణోగ్రతలో ఉంచి చూడండి. ఉత్ప్రేరకం తీసేశాక కూడా పైనీన్ ఆక్సైడ్ అదే వేగంతో తరుగుతుంటే జింక్ కరిగిందని అనుమానించాలి. ఈ పరీక్ష లేని ఫలితాన్ని నేను ఏ పక్షానికీ లెక్కించను.