“స్థిరాంకం” అంటూనే మారుతుందంటే ఎలా?

ప్రశ్న: ఇంటర్ రసాయన శాస్త్రంలో “సమతాస్థితి స్థిరాంకం” (రెండు దిశల్లోనూ సాగే చర్య నిలకడకు వచ్చాక క్రియాజన్యాలకూ క్రియాజనకాలకూ ఉండే నిష్పత్తి) అని నేర్పిస్తారు. ఆ వెంటనే అది ఉష్ణోగ్రతతో మారుతుందంటారు. మారేదాన్ని స్థిరాంకం అనడం భాషాపరంగా తప్పు కాదా? “సమతాస్థితి నిష్పత్తి” అంటే సరిపోదా?

జవాబు 1: పదం తప్పు కాదండీ, దాని పక్కన ఉండాల్సిన “వద్ద” రాలిపోయింది. “25 డిగ్రీల వద్ద స్థిరాంకం” అని పూర్తిగా రాస్తే గొడవే లేదు. గాఢత పెంచండి, పీడనం మార్చండి, ఉత్ప్రేరకం వేయండి: ఉష్ణోగ్రత కదలనంతవరకు ఆ విలువ కదలదు. స్థిరం అన్నది వీటి ఎదుట. నిష్పత్తి అంటే చాలదు, ఎందుకంటే చర్య మధ్యలో ఏ క్షణాన చూసినా ఏదో ఒక నిష్పత్తి ఉంటుంది. చివరికి అన్నీ ఏ విలువ దగ్గర ఆగుతాయో అదే స్థిరాంకం.

జవాబు 2: నాకు అంతకంటే చిక్కుగా కనిపించే మాట “జరుగు”. తెలుగులో పెళ్లీ జరుగుతుంది, బెంచీ మీద మనిషీ పక్కకు జరుగుతాడు. “వేడి చేస్తే సమతాస్థితి పురోగామి దిశలో జరుగుతుంది” అని చదివిన పిల్లలు తిరోగామి చర్య (వెనక్కి సాగేది) ఆగిపోయిందనుకుంటారు. నిజానికి వేడి చేస్తే రెండు చర్యల వేగమూ పెరుగుతుంది. ఉష్ణగ్రాహక (వేడిని పీల్చుకునే) దిశకు ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి గడప) ఎక్కువ కాబట్టి దాని వేగం ఎక్కువ రెట్లు పెరుగుతుంది, అంతే. అందుకే “ఒరుగుతుంది” అనడం మేలని నా అభిప్రాయం.

గాజు గొట్టంలో సీలు వేసిన నైట్రోజన్ డయాక్సైడ్‌ను చూడండి (విషవాయువు, సీలు విప్పకూడదు). ఐసు నీళ్లలో పెడితే గోధుమ రంగు వెలిసిపోతుంది, వేడినీళ్లలో పెడితే చిక్కబడుతుంది. రంగులేని టెట్రాక్సైడ్ (డయాక్సైడ్ అణువులు రెండు జతకడితే వచ్చేది) విడిపోయి డయాక్సైడ్ కావడం ఉష్ణగ్రాహకం, మోల్‌కు సుమారు 57.2 కిలోజౌళ్లు.

జవాబు 3: ఆ ఉదాహరణకే లెక్క. వాంట్ హాఫ్ సమీకరణంలో (ఉష్ణోగ్రతతో స్థిరాంకం ఎంత మారుతుందో చెప్పే సూత్రం) 57200 జౌళ్లను వాయు స్థిరాంకం 8.314తో భాగిస్తే 6880. దాన్ని (1/298.15 − 1/373.15)తో, అంటే 0.000674తో గుణిస్తే 4.64. ఇది సహజ సంవర్గమానం కాబట్టి స్థిరాంకం 103 రెట్లు పెరుగుతుంది: 25 డిగ్రీల వద్ద సుమారు 0.15, 100 డిగ్రీల వద్ద సుమారు 15 (పీడనాలు బార్లలో).

తప్పులు రెండు చోట్ల దొర్లుతాయి. కిలోజౌళ్లను జౌళ్లలోకి మార్చడం మరిచిపోతే 1.005 రెట్లు వస్తుంది, స్థిరాంకం మారనే లేదనిపిస్తుంది. ఇది ప్రమాదకరం, జవాబు నమ్మదగినట్టే కనిపిస్తుంది మరి. కెల్విన్‌కు బదులు సెల్సియస్ వేస్తే 90 అంకెల సంఖ్య వస్తుంది, ఆ తప్పు దానంతటదే బయటపడుతుంది. అమోనియా తయారీ ఉష్ణమోచకం (వేడిని వదిలేది) కాబట్టి అక్కడ ఎంథాల్పీ (చర్యలో పీల్చుకునే లేదా వదిలే ఉష్ణం) ముందు మైనస్ గుర్తు తప్పనిసరి, వేడి పెరిగితే స్థిరాంకం తగ్గాలి.

ప్రశ్న అడిగినవారు: “వద్ద” మాట బాగా పట్టుబడింది. మరి నీటి అయానిక లబ్ధం (హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢతల గుణకారం) కూడా ఇలాగే మారితే, 50 డిగ్రీల శుద్ధజలం పీహెచ్ 7 కాకపోతే, ఆ నీరు ఆమ్లమైనట్టేనా?

జవాబు 1: కాదండీ. అయానిక లబ్ధం 25 డిగ్రీల వద్ద 1.0 × 10⁻¹⁴, 50 డిగ్రీల వద్ద సుమారు 5.5 × 10⁻¹⁴. నీరు అయాన్లుగా విడిపోవడం ఉష్ణగ్రాహకం కాబట్టి పెరిగింది. పీహెచ్ 6.63కు దిగుతుంది, కానీ హైడ్రోజన్ అయాన్లు ఎన్ని పెరిగాయో హైడ్రాక్సైడ్ అయాన్లూ అన్నే పెరిగాయి. నీరు తటస్థమే. తటం అంటే గట్టు. ఏ పక్షానా చేరకుండా గట్టున నిలిచినది తటస్థం. ఆ మాటలో 7 అన్న అంకె ఎక్కడా లేదు, అది 25 డిగ్రీల వద్ద కొలిచినప్పటిది.