నుమాయిష్ జెయింట్ వీల్ దిగేటప్పుడే గుండె ఝల్లుమనడం ఎందుకు?

మలక్‌పేట వాసి:
నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ పైకి పోయేటప్పుడు ఏం కాదు, కిందికి తిరగ్గానే గుండె జారుతుంది. అంతకన్నా ఎన్నో రెట్లు ఎత్తున్న లండన్ ఐ అనే వీల్‌లో జనం నిలబడి ఫొటోలు దిగుతారు. తేడా ఎక్కడ? పిల్లల్ని ఎక్కించే ముందు ఏం చూసుకోవాలి?

లెక్కల మాస్టారు:
ఎత్తు కాదండీ, వేగం. వ్యాసార్ధం 10 మీటర్లు, చుట్టుకు 15 సెకన్లు అనుకోండి. పైకొనలో 50 కిలోల మనిషికి 41 కిలోలే ఉన్నట్టుంటుంది, అడుగున 59. పైనుంచి కిందికి తిరిగేటప్పుడు ఈ బరువు తగ్గడమే గుండె జారినట్టనిపిస్తుంది. లండన్ ఐ ఎత్తు 135 మీటర్లు, ఒక చుట్టుకు దాదాపు అరగంట. అక్కడ ఆ తేడా 10 గ్రాములు కూడా ఉండదు.
1893లో షికాగోలో ఫెర్రిస్ అనే ఇంజినీరు కట్టిన మొదటి చక్రం కూడా దృశ్యం చూపించడానికే: 80 మీటర్లు, 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది. లండన్‌లో గదుల్ని రిమ్ బయటికి తెచ్చారు, మోటార్లు వాటిని నిటారుగా నిలుపుతాయి. పైకి చేరాక చూపుకు ఇనుము అడ్డు రాదు. నా దృష్టిలో అసలైన మలుపు అదే, ఎత్తు కాదు.

ఫిట్టర్ అన్న:
ముందు దూరంగా నిలబడి ఒక చుట్టు చూడండి. రిమ్ పక్కలకు ఊగకుండా ఒకే గీతలో పోవాలి. వాన పడితే వీల్ కాళ్ల కింది చెక్క దిమ్మెలు ఒకపక్క కుంగుతాయి, అప్పుడే ఊగుతుంది.
తర్వాత జనాన్ని ఎలా ఎక్కిస్తున్నాడో గమనించండి. పని తెలిసిన ఆపరేటర్ ఒక టబ్బు (జనం కూర్చునే తొట్టి) నింపి, సగం చుట్టు తిప్పి, ఎదుటి టబ్బు నింపుతాడు. వరసగా పక్కపక్కవే నింపితే బరువంతా ఒకవైపే లాగుతుంది. రిమ్‌ను టైర్లు ఒత్తి తిప్పే రకమైతే టైరు జారుతుంది, బ్రేకేసినా అనుకున్నచోట ఆగదు. ఆ రౌండు వదిలేయండి.
టబ్బు వేలాడే పిన్ను చివర, అది జారిపోకుండా దూర్చి కొనలు వంచే స్ప్లిట్ పిన్ ఉండాలి. దాని బదులు బైండింగ్ వైరు చుట్టి ఉంటే అసలు ఎక్కొద్దు.

మలక్‌పేట వాసి:
మధ్యలో కరెంటు పోతే?

ఫిట్టర్ అన్న:
జనరేటర్ ఉందా అని టికెట్ దగ్గరే అడగండి. పెద్దవాటికీ ఈ గండం తప్పలేదు: 2008 డిసెంబరులో సింగపూర్ ఫ్లయర్ అనే పెద్ద వీల్ కంట్రోల్ రూములో మంటలొచ్చి 173 మంది దాదాపు 6 గంటలు పైనే ఉండిపోయారు. వీల్ ఆగితే లేచి నిలబడొద్దు, టబ్బు ఊపొద్దు. కడ్డీ బిగించాక కూడా సందు మిగిలే చిన్నపిల్లల్ని ఎక్కించకండి. చున్నీ, జడ లోపలికి సర్దుకోవాలి.