స్కూల్ బస్సు క్లీనర్‌ని తీసేయమని సంతకాలు అడుగుతున్నారు, పెట్టాలా?

మియాపూర్_అమ్మ:
మా పాప మూడో తరగతి. ఎక్కడో స్కూల్లో పిల్లాడి మీద దాడి జరిగిందని టీవీలో రోజంతా అదే వీడియో తిప్పి తిప్పి వేశారు. అప్పటినుంచి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. బస్సులో మగవాళ్ళు ఉండకూడదు, క్లీనర్‌ని తీసేయాలి అని లెటర్ తయారుచేశారు. ఆయన మీద ఇంతవరకు ఒక్క కంప్లైంటూ లేదు. సంతకం పెట్టకపోతే పిల్లల సేఫ్టీ పట్టదా అని నిలదీస్తున్నారు. ఏం చెయ్యమంటారు?

కూకట్‌పల్లి_నాన్న:
పెట్టేయండి మేడమ్. రోజూ వార్తలు చూస్తున్నాం కదా, స్కూళ్ళు మునుపటిలా లేవు. ఏదన్నా జరిగాక బాధపడి లాభమేంటి?

పాత_డెస్క్:
పెట్టకమ్మా. పత్రికల్లో డెస్క్ మీద ఏళ్ళ తరబడి క్రైమ్ వార్తలు దిద్దినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

2017 సెప్టెంబరు 8న గురుగ్రామ్‌లో ఒక ప్రైవేటు స్కూలు బాత్రూములో ఏడేళ్ళ బాబుని గొంతు కోసి చంపారు. ఆ రోజే పోలీసులు బస్సు కండక్టర్‌ని అరెస్టు చేసి, నేరం ఒప్పుకున్నాడన్నారు. ఛానళ్ళకి అది చాలు. అక్కడి లాయర్లు అతని తరఫున వాదించబోమన్నారు. వారం తిరక్కుండానే సీబీఎస్ఈ నుంచి సర్క్యులర్: సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్, మానసిక పరీక్షలు చేయించాలి, ముఖ్యంగా డ్రైవర్లు, కండక్టర్లు, ప్యూన్లకి.

నవంబరులో కేసు తిరగబడింది. సీబీఐ అదే స్కూల్లో పదకొండో తరగతి కుర్రాణ్ణి అదుపులోకి తీసుకుంది. పరీక్షలు, పేరెంట్స్ మీటింగ్ వాయిదా పడాలని ఇంత పని చేశాడన్నది సీబీఐ ఆరోపణ. కండక్టర్ బెయిల్ మీద బయటికొచ్చాడు. 2018 ఫిబ్రవరిలో కోర్టు అతన్ని కేసులోంచే తప్పించింది. మీ గ్రూపులో ఎవరికైనా ఆ సంగతి గుర్తుందేమో అడుగు. కండక్టర్ చంపాడట అన్నది మాత్రం గుర్తుంటుంది.

ఎందుకంటే మొదటి రోజు డెస్క్‌కి అన్నీ ఒకేసారి వస్తాయి: పోలీసుల ప్రెస్ మీట్, నిందితుడి ఫొటో, తల్లి ఏడుపు, ఎడిషన్ టైము. నెలల తర్వాత 'నిర్దోషి' అన్న వార్త వస్తే, సాధారణంగా అది లోపలి పేజీలో సింగిల్ కాలమ్. మేం వేసేది అలా ఉంటే జనం ఏం గుర్తుపెట్టుకుంటారు? భయం పేదవాడి మీదే నిలబడిపోయింది. పరీక్షంటే వణికిపోయే పిల్లల సంగతి ఎవరికీ పట్టలేదు, నాకు కడుపు మండేది అక్కడే.

ఇంకోటి. గ్రూపులో తిరిగే వీడియోలో పిల్లల మొహాలుంటే ఫార్వర్డ్ చెయ్యొద్దని చెప్పు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద అది నేరం. గురుగ్రామ్ కేసులో కోర్టు పిల్లలిద్దరికీ మారుపేర్లు పెట్టి, స్కూలు పేరు కూడా రాయొద్దంది.

ఖమ్మం_టీచరమ్మ:
సార్ చెప్పింది నిజం. హైస్కూల్లో నేను చూసే హింస టీవీకెక్కదు. తొమ్మిదో తరగతి వాళ్ళు ఆరో తరగతి పిల్లాడి టిఫిన్ లాక్కుని, చెప్తే తంతామంటారు. వాడు మూడు రోజులు కడుపునొప్పని బడి ఎగ్గొడతాడు. మావాళ్ళలోనూ బెత్తం తీసేవాళ్ళున్నారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని ఎప్పుడో నిషేధించింది. పిల్ల బడికి వెళ్ళనని మారాం చేస్తే ముందు కూర్చోబెట్టి అడగండమ్మా. అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా ఫోన్ చెయ్యొచ్చు.

కూకట్‌పల్లి_నాన్న:
గురుగ్రామ్ కండక్టర్ విడుదలయ్యాడన్న సంగతి నిజంగా తెలీదు సార్. కానీ వెరిఫికేషన్ అడగడంలో తప్పేముంది?

పాత_డెస్క్:
ఏం తప్పులేదు బాబూ, అడగాల్సిందే. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి స్వీపర్ దాకా అందరికీ అడగండి. వీడియో చూసి ఒక మనిషి కూడు తీయడం వేరు.

మియాపూర్_అమ్మ:
సంతకం పెట్టనని గ్రూపులో చెప్పేశాను. వేరే లెటర్ రాస్తున్నా: బస్సులో ఆయా, చిన్నపిల్లల బాత్రూముల దగ్గర ఒక మనిషి, అందరికీ వెరిఫికేషన్, పెద్ద క్లాసులకి కౌన్సెలర్. రేపు ఇక్కడ పెడతాను, టీచర్ గారూ, ఒకసారి చూసి దిద్దండి.