1944 బర్మా నేపథ్యపు లఘుచిత్రంలో మన సిపాయిల చేతికి ఏ రైఫిల్ ఇవ్వాలి?

ప్రశ్న – కళావిభాగం, విజయవాడ

నమస్కారం. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మాకు వెళ్లిన గుంటూరు జిల్లా యువకుడి కథతో మేమొక లఘుచిత్రం తీస్తున్నాం. కథానాయకుడు మద్రాస్ సాపర్స్‌లో, అంటే వంతెనలు, దారులు వేసే సైనిక ఇంజనీర్ల దళంలో, సిపాయి. కథ 1944 డిసెంబరులో, బ్రిటిష్ పద్నాలుగవ సైన్యం బర్మాలోని చింద్విన్ నదిని దాటుతున్న రోజుల్లో నడుస్తుంది. నది దృశ్యాలను ప్రకాశం బ్యారేజీకి ఎగువన, అడవి దృశ్యాలను కొండపల్లి కొండల్లో తీయబోతున్నాం.

సినిమా సామగ్రి అద్దెకిచ్చేవారు మాకు మూడు రకాల డమ్మీ రైఫిళ్లు చూపించి, మూడూ 'త్రీ నాట్ త్రీ'లేనని (.303 అంగుళాల తూటా రైఫిళ్లేనని) చెప్పారు. మొదటిదాని మూతి మొద్దుగా ఉంది, గొట్టం కొన కొయ్య తొడుగుతో సమంగా ఆగిపోతుంది. రెండవది చూడటానికి అచ్చం అలాగే ఉన్నా, కింద తూటాలుండే మ్యాగజైన్ చతురస్రపు పెట్టెలా ఉంది. మూడవదానికి గొట్టం ముందుకు పొడుచుకొని వచ్చింది, గురి చూసే వెనుక సైట్ కంటికి దగ్గరగా ఉంది. వీటిలో ఆ కాలానికి, ఆ దళానికి సరిపోయేది ఏది? జపాన్ సైనికుల పాత్రలకు ఏమి ఇవ్వాలి? చూసేవారిలో మాజీ సైనికుల కుటుంబాలు చాలా ఉంటాయి కనుక, ఈ విషయంలో ఉజ్జాయింపుతో సరిపెట్టుకోవడం మాకు ఇష్టం లేదు.

జవాబు – విశ్రాంత సుబేదార్, గుంటూరు

మీరు చెప్పిన గుర్తులను బట్టి మూడింటినీ వేరు చేయవచ్చు. మొదటిది లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 స్టార్. మీ కథకు కావలసింది అదే. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ యుద్ధకాలం పొడవునా తయారు చేసింది ఈ నమూనానే, బర్మాలో భారతీయ దళాల చేతుల్లో ప్రధానంగా కనిపించింది కూడా ఇదే. మొద్దు మూతితో పాటు, వెనుక సైట్ బోల్టు (తూటాను గొట్టంలోకి నెట్టే కడ్డీ) దగ్గర కాకుండా దానికి ముందు, గొట్టం మీద ఉండటం దీని రెండవ ఆనవాలు.

రెండవదాన్ని మాత్రం దయచేసి కెమెరా ముందుకు తేవద్దు. అది 2ఏ గానీ 2ఏ1 గానీ అయి ఉంటుంది. 1962 చైనా యుద్ధం తరువాత అదే ఇషాపూర్‌లో, పాత నమూనా ఆధారంగానే, 7.62 మిల్లీమీటర్ల నాటో తూటా కోసం తయారు చేసిన రైఫిల్ అది. తూటా మారింది కనుక మ్యాగజైన్ కూడా మారి, పది తూటాల వాలు పెట్టెకు బదులు పన్నెండు తూటాల చదరపు పెట్టె వచ్చింది. దూరం నుంచి చూస్తే మిగిలిన ఆకారమంతా ఒకటే కావడం వల్ల, స్వాతంత్ర్యానికి ముందు నడిచే కథల్లోకి కూడా ఇది సులువుగా దూరిపోతుంది. వెనుక సైట్ పలక మీద అంకెలు 800 దగ్గర ఆగిపోతే అది 2ఏ1 అని నిశ్చయంగా చెప్పవచ్చు. అసలైన త్రీ నాట్ త్రీ పలక 2000 గజాల వరకు వెళుతుంది.

మూడవది లీ-ఎన్‌ఫీల్డ్‌లోనే నంబర్ 4 నమూనా. అది ఆ యుద్ధకాలానిదే కనుక కాలదోషం లేదు గాని, మీ కథానాయకుడి చేతిలో పెట్టదగినది కాదు. భారతీయ డివిజన్లలో సాధారణంగా బ్రిగేడుకు ఒక బ్రిటిష్ బెటాలియన్ ఉండేది. మీ కథలో బ్రిటిష్ సిపాయిలు ఉంటే వారి చేతిలో నంబర్ 4 చూపించండి, పక్కన మన సాపర్ల చేతిలో మొద్దు మూతి రైఫిల్ ఉంచండి. తెలిసినవారు ఆ తేడాను చూసి సంతోషిస్తారు.

రైఫిల్ కొనకు తగిలించే కత్తి, అంటే బాయనెట్ సంగతి కూడా చూసుకోవాలి. 1907 నమూనా బాయనెట్ అలుగు పొడవు 17 అంగుళాలు. యుద్ధకాలంలో మన దేశంలో దాన్ని 12 అంగుళాలకు తగ్గించి తయారు చేశారు. ఈ రెండింటిలో ఏదైనా సరే. మేకులా సన్నగా ఉండే బాయనెట్ నంబర్ 4కు చెందినది, దాన్ని మొద్దు మూతి రైఫిల్‌కు తగిలించకూడదు.

జవాబు – చరిత్ర పరిశోధక విద్యార్థిని, విజయవాడ

జపాన్ వైపు గురించి నేను రాస్తాను. వారి కాలిబంటు దళానికి రెండు అరిసాకా రైఫిళ్లు ఉండేవి: 6.5 మిల్లీమీటర్ల టైప్ 38, 1939 నమూనా అయిన 7.7 మిల్లీమీటర్ల టైప్ 99. టైప్ 38 దాదాపు 1.28 మీటర్ల పొడవు ఉండేది. బాయనెట్ తగిలిస్తే సైనికుడి భుజం దాటిపోయేది. ఈ రెండింటికీ మ్యాగజైన్ కొయ్య లోపలే ఉంటుంది కనుక, కింద పెట్టె వేలాడే డమ్మీని జపాన్ సైనికుడికి ఇస్తే మొదటి చూపులోనే తప్పు తెలిసిపోతుంది. బోల్టు పిడి కిందికి వంగకుండా పక్కకు నిటారుగా, కోడిగుడ్డు ఆకారపు కొనతో ఉంటుంది. బోల్టు వెనుక చివర గుండ్రని పెద్ద సేఫ్టీ బిళ్ల కనిపిస్తుంది.

ఇంకొక ముఖ్యమైన గుర్తు, రైఫిల్‌లో తూటా నిలిచే గది (చాంబర్) పైభాగాన చెక్కిన పదహారు రేకుల చేమంతి పువ్వు. అది చక్రవర్తి ముద్ర. 1945 లొంగుబాటు తరువాత చాలా రైఫిళ్ల మీద ఆ ముద్రను అరగదీశారు. ఈనాటి సేకరణల్లోని ఫోటోలు చూసి డమ్మీ చేయించేవారు ఆ అరిగిన గుర్తును కూడా యథాతథంగా దించేస్తుంటారు. 1944లో యుద్ధభూమిలో ఉన్న రైఫిల్ మీద పువ్వు చెక్కుచెదరకుండా ఉండాలి.

మీ కథలో ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులు ఎక్కడైనా కనిపిస్తే వారికి అరిసాకా ఇవ్వవద్దు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పతనమైనప్పుడు చిక్కిన బ్రిటిష్ ఆయుధాలే వారి చేతికి వచ్చాయి.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఒక చిక్కు మిగిలింది. మొదటి రకం డమ్మీలు కొద్దిగానే దొరుకుతున్నాయి, రెండవ రకం మాత్రం కావలసినన్ని ఉన్నాయి. వాటిని ఏ విధంగానైనా సరిచేసి వెనుక వరుసల్లో వాడుకోవచ్చా? ముందు వరుసవారి రైఫిళ్లకు క్లోజప్‌లో ఏమి చూసుకోవాలి?

జవాబు – లేత్ పనివారు, ఆటోనగర్

అవి కేవలం ఫైబర్, కొయ్య డమ్మీలైతే సరిచేయడం కష్టం కాదు. చదరపు మ్యాగజైన్‌ను తీసివేసి, అసలు త్రీ నాట్ త్రీ కొలతలతో రేకు పెట్టె మడిచి బిగించవచ్చు. వెనుక వరుసకు అది చాలు. ఒకసారి పేలిన చరిత్ర ఉన్న వస్తువునైతే నేను ముట్టుకోను, మీరూ ఎవరి చేతా ముట్టించవద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం నకిలీ తుపాకీని పేలే తుపాకీగా మార్చడానికి లైసెన్సు తప్పనిసరి కనుక, డమ్మీ డమ్మీగానే ఉండాలి. బయట చిత్రీకరణ జరిగే రోజున స్థానిక పోలీసు స్టేషన్‌కు ముందుగా రాతపూర్వకంగా తెలియజేయండి.

జవాబు – విశ్రాంత సుబేదార్, గుంటూరు

క్లోజప్‌కు ముందుగా బోల్టు పిడి కింద, కుడివైపు మెడ భాగం చూడండి. అక్కడ కిరీటం, దాని కింద చక్రవర్తి జార్జిని సూచించే జి.ఆర్.ఐ. అక్షరాలు, ఇషాపూర్ పేరు, తయారైన సంవత్సరం ఉంటాయి. ఆ సంవత్సరం 1944 దాటకూడదు. కిరీటం స్థానంలో అశోకుని సింహాలు ఉంటే అది స్వతంత్ర భారతపు రైఫిల్. అటువంటి ముద్రను రంగుతో కప్పివేయడం కన్నా, ఆ వైపు చూపించకపోవడమే మేలు.

రైఫిల్ సరిగా ఉన్నా దాన్ని పట్టుకునే తీరు తప్పితే శ్రమంతా వృథా. నేను కాలేజీలో ఎన్‌సీసీలో చేరినప్పుడు ఈ రైఫిల్‌తోనే కవాతు నేర్చుకున్నాను, దాని బోల్టు తీరు నా చేతికి ఇప్పటికీ తెలుసు. ప్రతి కాల్పు తరువాత బోల్టును పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు నెట్టి, కిందికి వేయాలి. స్ప్రింగు బిగిసేది ముందుకు నెట్టేటప్పుడే కనుక, ఆ చివరి అంగుళంలో నటుడి చేతిలో బలం కనిపించాలి. శిక్షణ పొందిన సిపాయి రైఫిల్‌ను భుజం నుంచి దించకుండానే ఈ పని చేసేవాడు. గురి చూసి నిమిషానికి పదిహేను తూటాలు పేల్చడం ఆనాటి శిక్షణలో ఒక ప్రమాణం. తూటాలు అయిదేసి ఉన్న క్లిప్పులతో పై నుంచి నింపుతారు. మ్యాగజైన్‌ను ఊడదీసి కొత్తది తగిలించడం ఈ రైఫిల్ పద్ధతి కాదు. మీ నటుల్లో ఎవరైనా అలా చేయబోతే అక్కడికక్కడే ఆపించండి.

సాపర్లు వంతెన పనిలో ఉన్నప్పుడు రైఫిళ్లు చేతిలో ఉండవు. మూడేసి రైఫిళ్లను మూతుల దగ్గర ఆనించి నిలబెట్టి, ఒక కాపలా సిపాయిని పెట్టండి. అలా చేస్తే ఆ దృశ్యానికి మీ దగ్గరున్న కొద్దిపాటి మంచి డమ్మీలే సరిపోతాయి. చిత్రీకరణకు ముందు ఒక ఆదివారం మీ నటులను గుంటూరుకు పంపితే, బోల్టు ఆడించే పద్ధతి నేనే దగ్గరుండి నేర్పిస్తాను.