అప్‌డేట్: కర్నూలు నుంచి నాగార్జునకొండ, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో పోయొచ్చినాం

నాగార్జునకొండ అంటే నాగార్జునసాగర్ నీళ్ల మధ్య ఉన్న ద్వీపం, అక్కడ మ్యూజియం ఉంది. ద్వీపంలో ఆటో కూడా ఉండదంట కదా, అమ్మ నడవగలదా, ఏ ఒడ్డు నుంచి లాంచీ ఎక్కాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగింటి. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

సాగర్‌కు ఆంధ్రా వైపు ఒడ్డున ఉన్న విజయపురి సౌత్ నుంచి ఎక్కమని చెప్పిన అన్న మాటే పనికొచ్చింది. మనకు ఆత్మకూరు, దోర్నాల, మాచర్ల మీదుగా అదే దగ్గర, కాకపోతే నల్లమల దారిలో రాత్రిపూట బండ్లు వదలరు కాబట్టి ముందురోజే పోయి మాచర్లలో పడుకున్నాం. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు, అది చూసుకోండి. జనం నిండితేనే లాంచీ కదులుతుంది, గాలి ఎక్కువైతే ఆపేస్తారు కూడా, అందుకే పొద్దున్నే పోవడం మేలు.

ఇంక నడక సంగతి. రేవు నుంచి మ్యూజియం దాకా నడవాల్సిందే, అమ్మ చెట్ల కింద కూర్చుంటా లేస్తా వచ్చింది. తొందరపెట్టేది లాంచీ వాళ్ల టైమే, ఆమె మోకాళ్లు కాదు! లోపల ఇక్ష్వాకుల కాలం (రాముడి వంశం కాదు, మూడు నాలుగు శతాబ్దాల్లో ఇక్కడ ఏలిన రాజులు) పాలరాతి లాంటి సున్నపురాయి శిల్పాలు, నీళ్లలో మునిగిన లోయ నమూనా ఉన్నాయి, ఆ నమూనా దగ్గర్నుంచి ఆమె కదల్లేదు. 1954 నుంచి 1960 దాకా తవ్వి, డ్యామ్ నీళ్లొచ్చేలోపు కట్టడాలను పైకి తెచ్చి మళ్లీ పేర్చినారంట.

నా ప్రశ్న కింద వీల్‌చైర్ గురించి అంత చర్చ జరిగింది గానీ అవసరమే పడలేదు. అసలు నడవలేనివాళ్లుంటే అట్లా మళ్లీ పేర్చిన కట్టడాలు కొన్ని ఉన్న, ఒడ్డునే ఉన్న అనుపుకు పోండి, అక్కడిదాకా కారు పోతుంది.