సమస్యాపూరణం: గుమ్మ మిరుకు గాన కొంప సుఖము

నిర్వాహకుడు (హన్మకొండ):
ఈ వారం సమస్య ఆటవెలది (నాలుగు పాదాల పద్యం) నాలుగో పాదం; దానికి కుదిరేలా పై మూడు పాదాలు మీరు పూరించాలి.

గుమ్మ మిరుకు గాన కొంప సుఖము

గుమ్మం ఇరుకైతే సుఖమెట్లా అని అడుగుతారు. మా పెరట్లో గోడకు తగిలించిన చెక్కపెట్టెలో ఈ ఏడాది పిచ్చుకలు దిగాయి. గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగపిట్ట గడ్డిపోచను అడ్డంగా పట్టుకొని వచ్చింది. పోచ రంధ్రానికి తట్టుకొని రెండుసార్లు కిందపడింది. మూడోసారి కొస పట్టుకొని లోపలికి లాక్కుపోయింది. చాయ్ చల్లారిపోయేదాకా చూస్తూనే ఉన్నాను. ఈ పాదం అప్పుడు పుట్టిందే. మీరూ కళ్లతో చూసిందే రాయండి.

పరకాల సార్:

పిల్లి పంజ చాచి బిక్కమొగము బెట్టె
గోరువంక ముక్కు గుచ్చి పోయె
మూడు గుడ్లు పొదిగి మురిసెను పిచ్చుక
గుమ్మ మిరుకు గాన కొంప సుఖము

నిర్వాహకుడు:
సార్, దండాలు. రెండు పాదాల్లో ఇద్దరు శత్రువులను వెనక్కి పంపారు. "బిక్కమొగము" దగ్గర పిల్లి కళ్ల ముందు కనపడింది. పిచ్చుక పెట్టెకు రంధ్రం 32 మిల్లీమీటర్లుంటే చాలు, పది రూపాయల బిళ్లకన్నా కాస్త పెద్దది. గోరింక ముక్కు పడుతుంది, ఒళ్లు పట్టదు. పెట్టె చేసేవాళ్లకు ఒక్క మాట: రంధ్రం అడుగుచెక్కకు అయిదారు అంగుళాల పైన ఉండాలి. లేకుంటే ఆ చాచిన పంజాకు గుడ్లు అందుతాయి.

కాజీపేట అక్క:
తమ్ముడూ, నాకు ఛందస్సు కొత్త. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పు.

చెక్క పెట్టె చేసి సీలకు దగిలించి
ముందు పుల్ల గుచ్చి మురిసినాను
కాకి వాలి తొంగి చూచినా భయమేది
గుమ్మ మిరుకు గాన కొంప సుఖము

నిర్వాహకుడు:
అక్కా, గణాలు, అంటే గురులఘువుల గుంపులు, అన్నీ సరిపోయాయి. కొత్త అంటే నమ్మలేకపోతున్నాను. పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం కలవడమే యతి; మొదటి పాదంలో చె-సీ యతి చక్కగా కుదిరింది. మూడో పాదంలోనే తప్పింది, "కా"కు "చూ" చెల్లదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఆ పుల్ల. పిచ్చుకకు అది అక్కర్లేదు. రంధ్రం అంచునే గోళ్లతో పట్టుకొని లోపలికి జారిపోతుంది. పుల్ల ఉంటే కాకికి పీట వేసినట్టే. పిల్లలు తిండికోసం తల బయటపెట్టే రోజుల్లో అది అక్కడే కాపు కాస్తుంది. పద్యాన్ని ఇట్లా మారిస్తే యతీ నిలుస్తుంది, పిట్టా బతుకుతుంది:

ముందు పుల్ల తీసి మురిసినాను
కాకి వాలలేదు కలగదు నా పిట్ట

కాజీపేట అక్క:
అయ్యో, ఆ సంగతి తెలియక అందంగా ఉంటుందని పెట్టాను. ఇప్పుడే పోయి పీకేస్తాను.

నిర్వాహకుడు:
ఆగు అక్కా! లోపల గుడ్లుంటే ఇప్పుడు ముట్టుకోవద్దు, పిచ్చుకలు బెదిరి గూడు వదిలేయొచ్చు. పొదగడానికి రెండు వారాల లోపు, ఆ తర్వాత పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. అవి పోయాక తీసెయ్.

నర్సంపేట తమ్ముడు:
అన్నా, నేను పోయిన ఎండాకాలం నూనె డబ్బాకు రంధ్రం కొట్టి కట్టాను. పిచ్చుక పిల్లలు దక్కలేదు. అందుకే ఇది.

రేకు డబ్బ లోన రెక్కలు మాడును
చెట్టు నీడ నున్న చెక్క మేలు
గాలి యాడ బైన గంతలు రెండుంచు
గుమ్మ మిరుకు గాన కొంప సుఖము

నిర్వాహకుడు:
తమ్ముడూ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మే నెలలో మన దగ్గర 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకు నిప్పుల కుంపటే. ఇక పద్యం. నేను "గుమ్మం ఇరుకు కనుక సుఖం" అనుకొని ఇచ్చాను. నువ్వు "గాన"ను వెనక్కి తిప్పి మూడో పాదానికి ముడేశావు. గుమ్మం ఇరుకు కనుక గాలికి కంతలుంచు, అప్పుడే సుఖం. నా సమస్యలోని లోపాన్ని నీ పద్యం పూడ్చింది. ఈ వారానికి ఇదే మేలైన పూరణ. రెండో పాదం చివర "మేలు" ఒక్కటే కాస్త పొడిగా ఉంది.

పరకాల సార్:
ఒప్పుకుంటున్నా. నా పిల్లి కన్నా ఈ ఎండే పెద్ద శత్రువు.

నిర్వాహకుడు:
మా పెట్టెలోని పిల్లలు నిన్న పొద్దున ఎగిరిపోయాయి. పాత గడ్డి తీసి శుభ్రం చేసి మళ్లీ తగిలించాను. వచ్చే వారానికి పాదం:

పిట్ట యెగిరి పోవ బెట్టె నిండె