రీఫర్ కంటైనర్‌లో తలుపు వైపు సరుకే ఎందుకు కరుగుతోంది?

చెన్నై నుంచి దుబాయ్‌లోని జెబెల్ అలీ పోర్టుకి 40 అడుగుల హైక్యూబ్ (ఎత్తు ఎక్కువుండే) రీఫర్‌లో, అంటే సరుకును చల్లగా ఉంచే కంటైనర్‌లో, ఫ్రోజెన్ మునక్కాయ ముక్కలు, కొబ్బరి తురుము పంపుతున్నాం. కొలంబోలో షిప్ మారుతుంది. ఈ మధ్య ప్రతి లోడ్‌లోనూ తలుపు దగ్గరి చివరి రెండు వరుసల్లో, అదీ పై పెట్టెల్లోనే, ప్యాకెట్ లోపల మంచు పేరుకుంటోంది. ముక్కలు విడివిడిగా ఉండాల్సింది పోయి ఒకే గడ్డ అవుతున్నాయి, అంటే కరిగి మళ్లీ గట్టిపడ్డట్టే. తలుపుకి ఎదురు చివరనుండే కూలింగ్ యూనిట్ వైపు సరుకు మాత్రం చక్కగా ఉంటోంది.

సెట్ పాయింట్ (యూనిట్‌కి పెట్టే ఉష్ణోగ్రత) మైనస్ 20 డిగ్రీల సెల్సియస్, బయటిగాలి వచ్చే వెంట్ పూర్తిగా మూసి ఉంది, యూనిట్ కాయిల్ మీది మంచు కరిగించే డీఫ్రాస్ట్ ఆరు గంటలకోసారి. రీఫర్ ఉన్న చల్లదనాన్ని కాపాడుతుందే తప్ప సరుకును గడ్డకట్టించదు కాబట్టి, పెట్టె మధ్యలో మైనస్ 18 చూశాకే ఎక్కిస్తున్నాం. లోడ్ ఎత్తు లోపలి గోడ మీది ఎర్ర గీత దాటదు. చల్లగాలి కింద టీ-ఫ్లోర్ (గాలి పారే గాడులున్న నేల) నుంచి వస్తుంది కదా, అది ముందే పైకి పోకుండా తలుపు దగ్గర ఖాళీ నేలను అట్టతో కప్పాం. సెట్ పాయింట్ మైనస్ 22కి దించాం. తేడా లేదు.

తలుపు దగ్గర పెట్టిన లాగర్ (ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం) సముద్రం మీద ఉండగానే మైనస్ 9 దాకా వెళ్లింది. షిప్పింగ్ వాళ్లు ఇచ్చిన యూనిట్ రికార్డులో మాత్రం సప్లై (యూనిట్ నుంచి వెళ్లే గాలి), రిటర్న్ (తిరిగొచ్చే గాలి) ఉష్ణోగ్రతలు రెండూ బాగానే ఉన్నాయి, కరెంటు పోయినట్టూ లేదు. కొనేవాళ్లు డబ్బు ఆపేస్తున్నారు, ఆ టెన్షన్ వేరే.

ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి: ఈసారి సరుకు ఎక్కించేముందు డిపోలో ఖాళీ కంటైనర్‌కి ముఖ్యంగా ఏ టెస్ట్ చేయించాలి?